విదేశాల్లో టెక్ కంపెనీలు చూసి రావాలనుకునే పీజీ విద్యార్థులకు: ఏ ఊరు, ఏ పద్ధతి, ఎవరికి సరిపోతుంది

ఎంటెక్ రెండో సెమిస్టర్‌లోనో, ఎంబీఏ మొదటి ఏడాది చివర్లోనో కాలేజీ వాట్సాప్ గ్రూపులోకి ఒక పోస్టర్ వస్తుంది. పది రోజుల విదేశీ ఇండస్ట్రియల్ విజిట్, పెద్ద కంపెనీల లోగోలు, కింద ఫీజు, "సీట్లు పరిమితం" అన్న మాట. ఇంట్లో చూపిస్తే నాన్న ఒకటే అడుగుతారు: "దీంతో ఉద్యోగం వస్తుందా?" ఆయన అడిగింది సరైన ప్రశ్నే. కంపెనీ చూసొస్తే ఉద్యోగం రాదు. అయితే ఏ ఉద్యోగానికి తయారవ్వాలి, ఏ దేశం మీద రాబోయే రెండేళ్లు పెట్టాలి, ఏ ఆశ ఇప్పుడే వదులుకోవాలి అన్నవి మాత్రం సరైన చోటికి వెళ్తే వారం రోజుల్లోనే తేలతాయి. తప్పు చోటికి వెళ్తే ఫొటోలూ ఈఎంఐలూ మిగులుతాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇక్కడ చదువుకుంటూ మొదటిసారి బయటికి వెళ్లే సాఫ్ట్‌వేర్, ఎంబీఏ విద్యార్థులకు సింగపూర్ మంచిది. ఎంబెడెడ్, ఆటోమోటివ్, మెకానికల్ వాళ్లకు జర్మనీ. వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) వాళ్లు తైవాన్ గానీ, నెదర్లాండ్స్–బెల్జియం గానీ చూడాలి. సిలికాన్ వ్యాలీ మాత్రం ఇప్పటికే అమెరికాలో ఎంఎస్ చేస్తున్నవాళ్లకు పనికొచ్చినంతగా మనకు పనికిరాదు. ఈ మాట చాలామందికి నచ్చదని తెలుసు, అందుకే దాన్నే ఎక్కువ వివరిస్తాను.

ఊరి పేరు చూసే ముందు ప్రతి ఎంపికనూ రెండు ప్రశ్నలతో పరీక్షించండి. మొదటిది: నాకిప్పుడున్న డిగ్రీతో, నా పాస్‌పోర్టుతో ఆ దేశంలో ఉద్యోగానికి నిజంగా దారి ఉందా? రెండోది: అక్కడ నేను చేయాలనుకునే పనే చేస్తున్న ఒక ఇంజినీరు నాతో అరగంట కూర్చుని మాట్లాడతారా? రెండింటికీ "అవును" వస్తే ఆ ప్రయాణానికి అప్పు చేసినా అర్థముంది. రెండో ప్రశ్నకు "కాదు" వస్తే అది విహారయాత్ర అవుతుంది. విహారయాత్రలో తప్పు లేదు, కెరీర్ పేరు చెప్పి ఇంట్లో డబ్బు అడగకూడదు, అంతే.

సిలికాన్ వ్యాలీ: ఏ గేటు దాకా రానిస్తారు?

ప్యాకేజీ పోస్టర్లలో "యాపిల్ సందర్శన" అని రాసి ఉంటే అది చాలాసార్లు కూపర్టినోలోని యాపిల్ పార్క్ విజిటర్ సెంటర్. 2017 నవంబరు నుంచి ఎవరైనా వెళ్లగలిగే చోటు. స్టోరు, కేఫ్, క్యాంపస్ నమూనా, పైన టెర్రస్ ఉంటాయి. రోడ్డుకు అవతల ఉన్న గుండ్రటి భవనంలోకి బయటివాళ్లకు ప్రవేశం లేదు. మౌంటెన్ వ్యూలో గూగుల్ 2023 అక్టోబరులో తెరిచిన విజిటర్ ఎక్స్‌పీరియన్స్ కూడా అలాంటిదే. అందరికీ ప్రవేశం ఉంటుంది, ఇంజినీర్లు పనిచేసే అంతస్తులు మాత్రం కనిపించవు. మెటా బోర్డు దగ్గర ఫొటో దిగొచ్చు. పాలో ఆల్టోలో హ్యూలెట్, ప్యాకర్డ్ మొదలుపెట్టిన గ్యారేజీని ఫుట్‌పాత్ మీద నుంచే చూడాలి. వీటిలో దేనికీ ఏజెంటు అక్కర్లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాన్‌హోసే దాకా నడిచే కాల్‌ట్రెయిన్ ఎక్కితే పాలో ఆల్టో, మౌంటెన్ వ్యూ మీరే వెళ్లొచ్చు. అవకాశముంటే ఒక పూట కంప్యూటర్ హిస్టరీ మ్యూజియానికి కేటాయించండి. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు తప్పకుండా చూడాల్సిన చోటు అది.

అసలు ఆఫీసు లోపలికి వెళ్లాలంటే అక్కడ పనిచేసేవారొకరు మిమ్మల్ని అతిథిగా నమోదు చేయాలి. రిసెప్షన్‌లో గుర్తింపు కార్డు చూపించి, చాలా చోట్ల ఎన్‌డీఏ (చూసింది బయటపెట్టనన్న ఒప్పందం) మీద సంతకం పెట్టి, బ్యాడ్జ్ తగిలించుకుంటే క్యాంటీన్, కొన్ని మీటింగ్ గదులు చూడగలుగుతారు. దీనికి కావాల్సింది ఒక మనిషి, ఆ మనిషి మన కాలేజీలోనే దొరుకుతాడు. ఉస్మానియా, జేఎన్‌టీయూ, ఆంధ్రా యూనివర్సిటీ, వరంగల్ ఆర్‌ఈసీలో చదివి బే ఏరియాలో స్థిరపడినవాళ్లు ఎంతమందో! ఈ ఒక్క విషయంలో తెలుగు విద్యార్థికి ఉన్నంత బలం చాలామందికి లేదు.

మరి ఎందుకు వద్దంటున్నాను? మొదటి ప్రశ్న దగ్గర ఆగిపోతాం కాబట్టి. ఇక్కడి నుంచి వెళ్లాలంటే బి1/బి2 వీసా కావాలి. దరఖాస్తు ఫీజు 185 డాలర్లు, నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ, ఆ స్లాట్ కోసం నెలల తరబడి ఎదురుచూపు. పెళ్లి కాలేదు, ఉద్యోగం లేదు, "టెక్ కంపెనీలు చూడ్డానికి వెళ్తున్నా" అనే ఇరవై మూడేళ్ల విద్యార్థి తిరిగొస్తాడని అధికారికి నమ్మకం కలగకపోతే వలస చట్టంలోని 214బి సెక్షన్ కింద తిరస్కరిస్తారు. ఆ తిరస్కరణ రికార్డులో ఉండిపోతుంది. రేపు ఎఫ్‌-1 (విద్యార్థి) వీసాకు వెళ్లినప్పుడు దాని గురించి చెప్పాల్సి వస్తుంది. పది రోజుల టూరు కోసం ఆ రిస్క్ తీసుకోవడం నాకు ఇష్టం ఉండదు.

వీసా వచ్చిందనే అనుకుందాం. అక్కడి కంపెనీకి మీరు నచ్చినా హెచ్‌-1బి ఉద్యోగ వీసాకు ఏడాదికి ఉన్న కోటా 85,000, అందులో 20,000 అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకే. పైగా 2025 సెప్టెంబరులో వచ్చిన అధ్యక్ష ప్రకటనతో అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం కొత్త పిటిషన్ వేసే కంపెనీ మీద లక్ష డాలర్ల భారం పడింది. హైదరాబాద్‌లో ఎంటెక్ చేస్తున్న ఫ్రెషర్ కోసం ఆ డబ్బు ఎవరు పెడతారు?

అదే టెక్సస్‌లోనో ఒహాయోలోనో ఎంఎస్ చేస్తున్న మనవాళ్ల పరిస్థితి పూర్తిగా వేరు. వాళ్లకు కొత్త వీసా అక్కర్లేదు. స్ప్రింగ్ బ్రేక్‌లో దేశంలోపలి విమానం ఎక్కితే చాలు. చదువయ్యాక 12 నెలల ఓపీటీ (అక్కడే పనిచేసుకునే అనుమతి), స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) డిగ్రీ అయితే మరో 24 నెలలు ఉంటుంది. వాళ్లకు బే ఏరియాలో దొరికే ప్రతి పరిచయానికీ వెంటనే ఉపయోగం ఉంది. వాళ్లకు నా సలహా ఒకటే, సియాటిల్‌ను చిన్నచూపు చూడకండి. మైక్రోసాఫ్ట్, అమెజాన్ రెండూ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి, ఆ రెండింటికీ హైదరాబాద్‌లో భారీ ఆఫీసులున్నాయి. ఇక్కడి టీముతో రోజూ కాల్స్‌లో మాట్లాడే మేనేజర్లు అక్కడ దొరుకుతారు. మాట కలపడం తేలిక.

సింగపూర్: చిన్న దేశం, అసలు మనుషులు దొరికే చోటు

సింగపూర్‌ను చాలామంది మలేసియాతో కలిపి హనీమూన్ ప్యాకేజీలాగే చూస్తారు. టెక్ కెరీర్ దృష్టితో చూస్తే ఆసియాలో ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని కంపెనీలున్న చోటు మనకు ఇంత అందుబాటులో ఇంకొకటి లేదు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం, నాలుగున్నర గంటల ప్రయాణం. విశాఖ నుంచి స్కూట్ నేరుగా తీసుకెళ్తుంది. వీసాకు ఇంటర్వ్యూ లేదు. అధీకృత ఏజెంటు ద్వారా దరఖాస్తు చేయాలి, ప్రభుత్వ ఫీజు 30 సింగపూర్ డాలర్లు.

అక్కడికి వెళ్లాక మెట్రోలో సర్కిల్ లైన్ ఎక్కండి. పాసిర్ పంజాంగ్ దగ్గర గూగుల్ ఆసియా–పసిఫిక్ కార్యాలయం. కెంట్ రిడ్జ్‌లో నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్. ఆ పక్క స్టేషనే వన్‌-నార్త్. ఫ్యూజనోపొలిస్, బయోపొలిస్ పరిశోధన భవనాలు, గ్రాబ్ ప్రధాన కార్యాలయం అక్కడే. అక్కడి నుంచి అయ్యర్ రాజా క్రెసెంట్‌కు నడిచి వెళ్తే బ్లాక్ 71. ఒకప్పుడు కూల్చేయాలనుకున్న పాత ఫ్యాక్టరీ భవనం, 2011 నుంచి స్టార్టప్‌లకు నిలయమైంది. ఒకే రోజులో ఒక పెద్ద అమెరికన్ కంపెనీ, ఒక ఆగ్నేయాసియా కంపెనీ, ఒక పది మంది స్టార్టప్, ఒక ప్రభుత్వ పరిశోధన ల్యాబ్ చూసి వాటి మధ్య తేడా గ్రహించొచ్చు. బే ఏరియాలో ఇదే పని చేయాలంటే సగం రోజు కారులోనే గడిచిపోతుంది.

ఉద్యోగానికి దారి ఉందా? ఉంది, కానీ వెడల్పైన దారి కాదు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ (నిపుణులకిచ్చే ఉద్యోగ అనుమతి) రావాలంటే 2025 జనవరి నుంచి కనీస జీతం నెలకు 5,600 సింగపూర్ డాలర్లు, ఫైనాన్స్ రంగంలో 6,200. వయసుతో పాటు ఆ అంకె పెరుగుతుంది. దానికి తోడు 2023 సెప్టెంబరులో వచ్చిన కంపాస్ అనే పాయింట్ల పద్ధతిలో 40 పాయింట్లు తెచ్చుకోవాలి. ఇక్కడ మన విద్యార్థులకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. మీరు చేరబోయే కంపెనీలో నిపుణుల స్థాయి ఉద్యోగుల్లో మీ దేశస్థుల వాటా 25 శాతం, అంతకు మించితే ఆ కంపెనీ నుంచి "డైవర్సిటీ" అంశంలో మీకు సున్నా పాయింట్లు. 5 శాతం లోపుంటే 20. అంటే భారతీయులు కిక్కిరిసిన ఐటీ సర్వీసెస్ కంపెనీలో కన్నా మనవాళ్లు తక్కువగా ఉన్న స్థానిక కంపెనీలో మీ దరఖాస్తుకే బలం ఎక్కువ. ఆ మేరకు సందర్శన జాబితా మార్చుకోండి. "మన సీనియర్లు ఎక్కువమంది ఉన్నారు" అన్న ఒక్క కారణంతో కంపెనీని ఎంచుకుంటే సింగపూర్‌లో అది ఎదురుతిరగొచ్చు. చదివిన సంస్థకు కూడా పాయింట్లుంటాయి, అగ్రశ్రేణి జాబితాలో ఉన్నవాటికి 20, మిగతా గుర్తింపు పొందిన డిగ్రీలకు 10.

ఎంబీఏ వాళ్లకైతే నవంబరు నెల చూసుకోమంటాను. అప్పుడు సింగపూర్ ఫిన్‌టెక్ ఫెస్టివల్ జరుగుతుంది. బ్యాంకులు, పేమెంట్ కంపెనీలు, నియంత్రణ సంస్థలు ఒకే చోట ఉంటాయి. ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగం అంటే ఏమిటో క్లాసులో ఎన్ని కేసులు చదివినా తెలియనిది అక్కడ స్టాళ్ల దగ్గర నిలబడితే తెలుస్తుంది.

జర్మనీ: ఓపిక ఉన్నవాళ్లకు

మన దగ్గర "జర్మనీ అంటే ఫీజు లేని ఎంఎస్" అన్న మాటే ఎక్కువ వినిపిస్తుంది. కంపెనీ సందర్శనకు ఆ దేశం ఎంత బాగుంటుందో తక్కువమందికి తెలుసు. అక్కడ కంపెనీలు, యూనివర్సిటీలు, ట్రేడ్ ఫెయిర్లు ఒకదానితో ఒకటి అల్లుకుపోయి ఉంటాయి. మ్యూనిక్‌లో బీఎండబ్ల్యూ ప్లాంటులో డబ్బు కట్టి గైడెడ్ టూర్ తీసుకోవచ్చు. అది ప్రదర్శనశాల కాదు, కార్లు తయారవుతున్న ఫ్యాక్టరీ. ఊరి అంచున నాయ్‌బీబెర్గ్‌లో చిప్ కంపెనీ ఇన్ఫీనియన్ ప్రధాన కార్యాలయం. ఉత్తరాన గార్షింగ్‌లో మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ క్యాంపస్, దాని పక్కనే విద్యార్థుల ఆలోచనలను కంపెనీలుగా మార్చే ఉంటర్‌నేమర్‌టమ్. యాపిల్ తన చిప్ డిజైన్ కేంద్రాల్లో ఒకదాన్ని ఈ ఊళ్లోనే పెట్టింది.

నా దృష్టిలో జర్మనీకి వెళ్లే విద్యార్థి ఫ్యాక్టరీ టూరు కన్నా ట్రేడ్ ఫెయిర్‌ను ఆధారంగా చేసుకుని ప్లాన్ వేసుకోవాలి. న్యూరెంబర్గ్‌లో వసంతకాలంలో ఏటా ఎంబెడెడ్ వరల్డ్ జరుగుతుంది, అందులో విద్యార్థుల కోసం ప్రత్యేకంగా ఒక రోజు ఉంటుంది. ఏప్రిల్‌లో హానోవర్‌లో పరిశ్రమల ప్రదర్శన హానోవర్ మెస్సె. మ్యూనిక్‌లో రెండేళ్లకోసారి, సరి సంవత్సరాల నవంబరులో ఎలక్ట్రానికా. ఇవన్నీ కంపెనీలు తమంతట తామే ఇంజినీర్లను బయటికి తెచ్చి నిలబెట్టే రోజులు. ఆఫీసుకు వెళ్లి అపాయింట్‌మెంట్ కోసం బతిమాలాల్సిన మనిషే అక్కడ బోర్డు పట్టుకుని మీకు వివరిస్తాడు. చివరి రోజు మధ్యాహ్నం వెళ్లండి, రద్దీ తగ్గి ఉంటుంది, ఓపిగ్గా మాట్లాడతారు. కొనుగోలుదారులు ముసిరే మొదటి రోజు ఉదయం విద్యార్థిని ఎవరూ పట్టించుకోరు.

ఇక ఉద్యోగ దారి. నేను చూసినంతలో మన విద్యార్థికి ఈ దేశాల్లో అన్నింటికన్నా స్పష్టంగా రాసిపెట్టి ఉన్నది జర్మనీలోనే. 2024 జూన్ 1 నుంచి ఆపర్చునిటీ కార్డ్ ఉంది. గుర్తింపు ఉన్న డిగ్రీ, కొంత భాష, పాయింట్లు ఉంటే ఉద్యోగం చేతిలో లేకుండానే ఏడాది దాకా అక్కడ ఉండి వెతుక్కోవచ్చు, వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. ఖర్చులకు డబ్బు ముందే, సాధారణంగా బ్లాక్డ్ ఖాతాలో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతా), చూపించాలి. 2024 అక్టోబరులో జర్మనీ ప్రభుత్వం భారతీయ నిపుణులకిచ్చే వీసాల సంఖ్యను ఏడాదికి 20,000 నుంచి 90,000కు పెంచుతామని ప్రకటించింది. ఈయూ బ్లూ కార్డ్‌కు (ఉద్యోగం దొరికిన డిగ్రీవాళ్లకిచ్చే నివాస అనుమతి) కావాల్సిన వార్షిక జీతం 2025లో 48,300 యూరోలు. ఐటీ వంటి కొరత ఉన్న రంగాలకు, కొత్తగా డిగ్రీ పొందినవాళ్లకు సుమారు 43,760. ఏటా జనవరిలో ఈ అంకెలు మారతాయి.

బయల్దేరే ముందు ఒక పని ఇంట్లో కూర్చునే చేసేయండి. అనాబిన్ అనే జర్మన్ డేటాబేస్‌లో మీ యూనివర్సిటీ, మీ డిగ్రీ ఉన్నాయో లేదో చూడండి. యూనివర్సిటీకి "హెచ్ ప్లస్" అని ఉంటే గుర్తింపు ఉన్నట్టు. లేకపోతే విడిగా డిగ్రీ పోలిక ధ్రువపత్రం తీసుకోవాలి. ఇది తెలియకుండా వెళ్లి అక్కడ హెచ్‌ఆర్ అడిగినప్పుడు తెల్లమొహం వేయడం కన్నా ఇక్కడ అరగంట పెట్టడం మేలు.

భాష సంగతి దాచను. బెర్లిన్ స్టార్టప్‌లలో ఇంగ్లిష్‌తో గడిచిపోతుంది. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల విడిభాగాలు చేసే కుటుంబ కంపెనీల్లో గడవదు. సందర్శనలో ఇది మీకు అరగంటలో అర్థమవుతుంది. మీటింగ్‌లో మీతో ఇంగ్లిష్ మాట్లాడినవాళ్లు కాఫీ దగ్గర తమలో తాము ఏ భాషలో మాట్లాడుకుంటున్నారో వినండి. మీరు చేరితే మీ రోజు గడిచేది ఆ భాషలోనే.

చిప్‌లు చదివేవాళ్లకు రెండు దారులు

వీఎల్‌ఎస్‌ఐ విద్యార్థి సిలికాన్ వ్యాలీ టూరుకు డబ్బు కడుతున్నాడంటే నాకు బాధేస్తుంది. ఆ ప్రాంతానికి పేరిచ్చిన సిలికాన్ తయారీ ఇప్పుడు ఎక్కువగా జరిగేది తైవాన్‌లో. తైపే నుంచి హైస్పీడ్ రైల్లో అరగంట ప్రయాణం చేస్తే షించు. 1980లో మొదలైన సైన్స్ పార్క్, 1973 నాటి ఇట్రి పరిశోధన సంస్థ, 1987లో మోరిస్ చాంగ్ స్థాపించిన చిప్ తయారీ కంపెనీ టీఎస్‌ఎంసీ, మరో రెండు చిప్ కంపెనీలు మీడియాటెక్, యూఎంసీ అన్నీ ఇక్కడే. పార్క్ పక్కనే రెండు పెద్ద యూనివర్సిటీలు. ఫ్యాబ్ (చిప్ ఫ్యాక్టరీ) లోపలి క్లీన్‌రూమ్‌లోకి విద్యార్థులను రానివ్వరు, ఆ ఆశ పెట్టుకోకండి. టీఎస్‌ఎంసీ మ్యూజియాన్ని ముందే బుక్ చేసుకుని చూడొచ్చు. ఇట్రి, యూనివర్సిటీ ల్యాబ్‌లు ప్రొఫెసర్ ద్వారా అడిగితే తెరుచుకుంటాయి.

తైవాన్ మనకు ఇప్పుడు ముఖ్యం కావడానికి ఇంకో కారణం ఉంది. గుజరాత్‌లోని ధోలేరాలో టాటా ఎలక్ట్రానిక్స్ 91,000 కోట్ల రూపాయలతో కడుతున్న ఫ్యాబ్‌కు సాంకేతిక భాగస్వామి షించుకు చెందిన చిప్ కంపెనీ పీఎస్‌ఎంసీ. అక్కడ నేర్చుకున్నవాళ్లకు ఇక్కడే పని దొరికే రోజు వస్తోంది. అందుకే వారం టూరు కన్నా తైవాన్ ప్రభుత్వ టీప్ పథకం కింద కొన్ని నెలల ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించడమే మంచిది. విదేశీ విద్యార్థులను అక్కడి యూనివర్సిటీ ల్యాబ్‌లకు తీసుకునే పథకం అది.

రెండో దారి నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్. టీఎస్‌ఎంసీ చిప్‌ల మీద అతి సన్నని గీతలు ముద్రించడానికి వాడే ఈయూవీ యంత్రాలను ప్రపంచంలో ఒక్క ఏఎస్‌ఎంఎల్ మాత్రమే చేస్తుంది, దాని ప్రధాన కార్యాలయం పక్క ఊరు ఫెల్ట్‌హోవెన్‌లో ఉంది. ఫిలిప్స్ పరిశోధనశాలగా ఉండే హై టెక్ క్యాంపస్‌లో ఇప్పుడు ఎన్నో కంపెనీలున్నాయి. అక్కడి నుంచి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, బెల్జియంలోని లూవెన్‌లో చిప్ పరిశోధన సంస్థ ఐమెక్. పరిశోధన వైపు మనసున్నవాళ్లు ఐమెక్ చూడకుండా రావద్దు. జర్మనీ, నెదర్లాండ్స్, బెల్జియం మూడింటికీ ఒకే షెంజెన్ వీసా సరిపోతుంది. ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయండి. స్లాట్ తొందరగా దొరికిందని ఇంకో దేశానికి పెట్టి ఇబ్బంది పడకండి.

జపాన్ గురించి క్లుప్తంగా. ఐఐటీ హైదరాబాద్ విద్యార్థులైతే మీకు వేరే సలహా అక్కర్లేదు. క్యాంపస్ నిర్మాణం నుంచీ జపాన్‌తో బంధం ఉన్న సంస్థ మీది, జపాన్ డే పేరుతో కంపెనీలే మీ దగ్గరికి వస్తాయి. మిగతావాళ్లు సకురా సైన్స్ కార్యక్రమం గురించి మీ డిపార్ట్‌మెంట్‌లో అడగండి. జపాన్ ప్రభుత్వ సంస్థ జేఎస్‌టీ 2014 నుంచి నడుపుతోంది, ఎంపికైనవాళ్ల ప్రయాణ ఖర్చు వాళ్లే భరిస్తారు. జపనీస్ విద్యాసంస్థ ఆహ్వానించాలి కాబట్టి అక్కడి ప్రొఫెసర్‌తో పరిచయం ఉన్న మన ప్రొఫెసర్ కావాలి.

ఎవరితో వెళ్లాలి?

కాలేజీ నిర్వహించే టూరు, కన్సల్టెన్సీ అమ్మే ప్యాకేజీ, పేపర్ ప్రెజెంటేషన్‌కు వెళ్తూ పక్కన కంపెనీలు చూడడం, సొంతంగా నలుగురు కలిసి వెళ్లడం. మొత్తమ్మీద ఈ నాలుగే.

వీటిలో నాకు బాగా నచ్చేది మూడోది. అంతర్జాతీయ కాన్ఫరెన్స్‌లో మీ పేపర్ ఆమోదం పొందితే వీసా అధికారికి స్పష్టమైన కారణం చూపించగలరు. కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ఆ రంగపు సంఘాలైన ఏసీఎం ఇండియా–ఐయార్క్స్ ప్రయాణ గ్రాంట్లున్నాయి, చాలా కాన్ఫరెన్సులు తామే విద్యార్థులకు సాయం ఇస్తాయి. స్పాన్సర్ కంపెనీల ఇంజినీర్లు అక్కడే ఉంటారు. మీ పేపర్ చదివినవాడు తన ఆఫీసుకు పిలిచినప్పుడు దక్కే గౌరవం టూరు గుంపులో దక్కదు. అయితే డబ్బు కడితే ఏదైనా అచ్చువేసే కాన్ఫరెన్సులూ ఉన్నాయి. పేరు వినగానే మీ గైడ్ తలూపని కాన్ఫరెన్స్‌కు వెళ్లకండి.

కాలేజీ టూరు మంచిదా చెడ్డదా అన్నది వెంట వచ్చే అధ్యాపకుడి మీద ఆధారపడి ఉంటుంది. అక్కడి యూనివర్సిటీలో ఆయనకు తెలిసినవాళ్లుంటే తలుపులు తెరుచుకుంటాయి. గుంపు పదిహేను మందికి మించితే ఎంత మంచి అధ్యాపకుడైనా చేయగలిగింది తక్కువ. మీటింగ్ గదిలో ముందు వరసలో ముగ్గురే ప్రశ్నలడుగుతారు, మిగతావాళ్లు స్లైడ్‌ల ఫొటోలు తీసుకుంటారు.

ప్యాకేజీల విషయంలో నా మాట కాస్త కటువుగానే ఉంటుంది. డబ్బు కట్టే ముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి. ఏ కంపెనీ, ఏ భవనం? విజిటర్ సెంటరా, ఆఫీసా? లోపల మాతో మాట్లాడేవారి హోదా ఏమిటి, సేల్స్ మనిషా, ఇంజినీరా? కంపెనీ పంపిన ధ్రువీకరణ మెయిల్ చూపిస్తారా? ఈ మూడింటికి "అన్నీ అక్కడికెళ్లాక చూసుకుందాం" అనే జవాబొస్తే అది సైట్‌సీయింగ్. సర్టిఫికెట్ ఇస్తామంటే దానికి ఒక్క రూపాయి విలువ కూడా కట్టకండి, ఏ రిక్రూటరూ దాన్ని చూడడు. విదేశీ టూర్ ప్యాకేజీ మీద టీసీఎస్ అనే పన్ను కూడా వసూలు చేస్తారు. ఎవరి పాన్ మీద చెల్లిస్తే వాళ్లే రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవాలి, కాబట్టి ఆ పాన్ నాన్నదా మీదా అన్నది ముందే తేల్చుకోండి.

నలుగురు కలిసి సొంతంగా వెళ్లడం సింగపూర్‌కు చక్కగా సరిపోతుంది. మెయిల్స్ మూడు నెలల ముందే మొదలుపెట్టండి. "సర్, మీ కంపెనీ చూడాలని ఉంది" అని రాస్తే జవాబు రాదు. మీ ప్రాజెక్టు గురించి రెండు వాక్యాలు, వాళ్ల పనిలో మీరు చదివిన ఒక విషయం, ఒకే ఒక్క ప్రశ్న, మీరు ఊళ్లో ఉండే తేదీలు రాయండి. అంతకు మించి వద్దు. మొదటి మెయిల్‌లో రిఫరల్ అడగొద్దు, రెజ్యూమె పెట్టొద్దు. మెయిల్ చదివి ఇరవై నిమిషాలు కాఫీకి రమ్మనే మనుషులు ఉంటారు, నమ్మండి.

కలిసినప్పుడు జీతం ఎంత అని అడగడం కన్నా "మీ టీములో చివరిగా చేరిన ఫ్రెషర్ ఎలా వచ్చారు?" అని అడగండి. నాకు తెలిసినంతలో ఇంతకన్నా ఉపయోగపడే ప్రశ్న లేదు. "ఇక్కడి యూనివర్సిటీలో ఇంటర్న్‌గా చేరి" అన్నారంటే ఆ దేశానికి చదువు ద్వారా వెళ్లాలని తెలిసినట్టే. "ఇండియా ఆఫీసు నుంచి బదిలీ మీద" అన్నారంటే మీ దారి మళ్లీ హైదరాబాద్‌కే వస్తుంది.

చాలామందికి జవాబు అదే వస్తుంది. అందుకే డబ్బు ఇబ్బందిగా ఉన్నవాళ్లు ఈ ఏడాది ప్రయాణం మానేసినా నష్టపోయేది తక్కువ. మైక్రోసాఫ్ట్ 1998 నుంచి హైదరాబాద్‌లో ఉంది. నానక్‌రామ్‌గూడలో అమెజాన్ భవనం, రాయదుర్గంలో టీ-హబ్, క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్ ఇంజినీరింగ్ టీములు మీకు సిటీ బస్సు దూరంలో ఉన్నాయి. పైన చెప్పిన మెయిల్ పద్ధతి ఇక్కడా పనిచేస్తుంది. ఇలాంటి కంపెనీలో చేరి ఏడాది పనిచేశాక, పదవీ హోదా లేదా ప్రత్యేక నైపుణ్యం షరతులు కుదిరితే, అదే కంపెనీ ఎల్‌-1 వీసా మీద అమెరికాకు పంపగలదు. హెచ్‌-1బిలా అందులో లాటరీ ఉండదు. ఎంటెక్ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లయితే ముందు ఈ ఆఫీసుల ఇంటర్న్‌షిప్ నోటిఫికేషన్ తేదీలు రాసిపెట్టుకోండి. విదేశీ ప్రయాణం తేదీలను వాటికి అడ్డం రాకుండా చూసుకుని, ఆ తర్వాతే వీసా ఫీజు కట్టండి.